మోకాలి గుజ్జు వ్యాపారం

ఆయుర్వేద మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి ఉండాలన్న 170వ నిబంధన కథ ముగిసింది. కేంద్ర ఆయుష్ శాఖ 2024 జులై 1న దాన్ని ఎత్తేస్తే, ఆగస్టు 27న సుప్రీంకోర్టు స్టే ఇచ్చి నిలబెట్టింది. 2025 ఆగస్టు 11న ఆ కేసే మూతపడింది. స్టే కూడా దాంతోపాటే పోయింది. దిల్లీకి ఒక ఫైలు తగ్గింది. గిద్దలూరు, కంభం, మార్కాపురం ఇళ్లలోకి మాత్రం టీవీలోంచి, ఫోన్లోంచి వైద్యం పేరిట ఎవరేం చెప్పినా అడ్డు చెప్పేవాడు లేకుండా పోయాడు.

అనుమతులకు నెలలు పట్టేవి, చిన్న తయారీదారులు నలిగిపోయేవారు అంటున్నారు రద్దును సమర్థించేవారు. నిజం ఉండొచ్చు, అలాగైతే గడువు పెట్టి అనుమతులివ్వాలి. కార్పొరేట్ ఆసుపత్రులు దోచుకోవడం లేదా అంటున్నారు. దోచుకుంటున్నాయి, కాదనం. మాకు ఒళ్లు మండేది మూడో మాట దగ్గర: ‘1954 నాటి చట్టం ఉండగా మళ్లీ ఈ నిబంధన దేనికి?’

ఆ చట్టం నిక్షేపంలా ఉంది. మహిమల మందుల ప్రకటనలను నిషేధిస్తూ 54 రోగాల, లక్షణాల పేర్లు వరసగా రాసి పెట్టింది. మధుమేహం, రక్తపోటు, క్యాన్సర్, పక్షవాతం, కీళ్లవాతం, మూత్రపిండాల్లో రాళ్లు, ఊబకాయం, చివరికి ఎత్తు పెరగడం కూడా అందులో ఉన్నాయి. ఏ ప్రాంతీయ ఛానల్లోనైనా మధ్యాహ్నం పూట ఓ గంట కూర్చుని చూడండి. నిషేధించిన జాబితానే ముందు పెట్టుకుని ప్రకటనలు తయారు చేశారేమో అనిపిస్తుంది. తొలిసారి తప్పు చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ శిక్ష పడినవాణ్ని మన ఊళ్లలో ఎవరైనా చూశారా?

చట్టం ఉంది సరే, అది కదిలేదెప్పుడు? ప్రకటన వచ్చి, జనం నమ్మి, డబ్బు కట్టి, రోగం ముదిరి, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే అప్పుడు. మందు తయారయ్యేది ఉత్తరాఖండ్‌లోనో గుజరాత్‌లోనో; లైసెన్సు అక్కడిది. దాని మీద చర్యకు ఇక్కడి అధికారి అక్కడికి ఉత్తరం రాయాలి, అక్కడివారు తీరిక చూసుకుని కదలాలి. ఆ కదలిక ఎంత జోరుగా ఉంటుందో పతంజలి వ్యవహారంలో దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు కన్నెర్ర చేశాకగానీ ఉత్తరాఖండ్ అధికారులకు 14 ఉత్పత్తుల లైసెన్సులు నిలిపేయాలని తోచలేదు. కొన్నాళ్లకే ఆ ఉత్తర్వునూ వెనక్కి తీసుకున్నారు. 170వ నిబంధన ఈ వరసను తిరగేసింది. ముందు అధికారికి చూపించు, నంబరు తెచ్చుకో, ఆ తర్వాతే ప్రకటన వెయ్యి అంది. నంబరు లేకుంటే అది తప్పుడు ప్రకటనే. రుజువు చేయాల్సిన భారం అమ్మేవాడి మీద ఉండేది. ఇప్పుడది మోసపోయినవాడి నెత్తికెక్కింది. దీన్ని ‘ఉన్న చట్టాలు చాలు’ అనడానికి నోరెలా వచ్చింది?

పశ్చిమ ప్రకాశంలో నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని తినేస్తోంది. నడుములు వంగిపోయిన మనుషులు, మోకాళ్లు పట్టుకుని లేచే మనుషులు ఊరూరా ఉన్నారు. ముదిరిన ఫ్లోరోసిస్‌ను వెనక్కి తిప్పే మందు ఏ వైద్యంలోనూ లేదు. ‘అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది, మూడు నెలల కోర్సు’ అని ఫోన్లో తియ్యగా చెప్పే గొంతుకు ఇంతకన్నా మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది? మిర్చి అమ్మిన డబ్బు అటు పోతుంది. అంతకన్నా ఘోరం, సర్కారు దవాఖానాలో ఊరికే ఇచ్చే షుగరు మాత్రలు ఈ పొడుల భరోసాతో మూలనపడతాయి.

అలాంటి డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ముందు వైపు రుషి బొమ్మ, వేల ఏళ్ల వైద్యమన్న గొప్ప, దుష్ఫలితాలు లేవన్న హామీ. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఆయుర్వేదిక్ ప్రొప్రైటరీ మెడిసిన్’. అంటే దినుసుల పేర్లు శాస్త్రగ్రంథాల్లోవి, ఆ కూర్పు మాత్రం కంపెనీ సొంతం. నిన్నమొన్నటి కలగాపులగానికి చరకుడి వయసు అంటగడుతున్నారు. దుష్ఫలితాలు లేవన్నది మరీ దబాయింపు. వత్సనాభి, విషముష్టి, పాదరసం వంటివి కలిస్తే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని డబ్బా మీద రాయాలంటున్నవి ఆయుర్వేద మందుల నిబంధనలే. పథ్యం చెప్పి, నాడి చూసి, అవసరమైతే పెద్దాసుపత్రికి పొమ్మనే వైద్యుణ్ని ఈ డబ్బా రోజూ అవమానిస్తోంది. 

మందుల ప్రకటనలంటే మాకు గిట్టదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులే 1908లో ఆంధ్రపత్రికనూ స్థాపించారు. ఆయన అమ్మింది తలనొప్పికి రాసుకునే మందు. దాంతో మధుమేహం మాయమవుతుందని ఆయన చెప్పలేదు.

కేంద్రం 170వ నిబంధనను తిరిగి తేవాలి. అనుమతికి గడువూ అందులోనే పెట్టాలి. ఈలోగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. 1954 చట్టం చాలని చెబుతున్నారు కదా, దాని అమలు రాష్ట్రాల చేతిలోనే ఉంది. మోకాలి గుజ్జు పెంచుతామంటున్నవారి మీద మొదటి కేసు గిద్దలూరులోనే పెట్టండి. ప్రకటన వేసిన కంపెనీతోపాటు దాన్ని ప్రసారం చేసిన ఛానల్‌నూ, అచ్చేసిన పత్రికనూ ముద్దాయిల్లో చేర్చండి.