రోమానీ భాష: నేర్వగోరువారికి ఒక మాట

దేశము లేని భాషకు వ్యాకరణముండదనియు, గ్రంథములు లేని భాష భాషయే కాదనియు మనలో పెక్కుమంది తలంతురు. ఈ తలంపు ఎంతటి పొరపాటో తెలిసికొనుటకు యూరపు ఖండమున నివసించు రోమా జనుల భాషయే చాలును. వీరు ఈజిప్టునుండి వచ్చిరని భ్రమపడి ఆంగ్లేయులు వీరిని జిప్సీలనిరి. ఆ పేరును వీరిలో ననేకులు అవమానకరముగా నెంతురు. తమ్ము తాము రోమా యనియు, కొన్ని శాఖలవారు సింతీ యనియు, కాలే యనియు చెప్పుకొందురు. వీరి భాష రోమానీ.

వీరి పుట్టినిల్లు మన దేశమేయని చాటినవి శాసనములు కావు, రాజుల చరిత్రలు కావు. వీరి నోటి మాటలే. 1782లో జర్మనీ దేశపు హాలే నగర పండితుడగు రూడిగర్ కొన్ని వాక్యములను ఒక రోమా స్త్రీచేత ఆమె భాషలో చెప్పించుకొని, వానిని హిందూస్థానీతో పోల్చి, రెండును జ్ఞాతి భాషలని ప్రకటించెను. అందులకు ఆయనకు తోడ్పడినది బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ రచించిన హిందూస్థానీ వ్యాకరణము. ఈ షుల్జ్ మదరాసున బహుకాలముండి తెలుగు నేర్చి, 1746 ప్రాంతమున ఆ హాలే నగరముననే తెలుగు పుస్తకములను అచ్చువేయించినవాడు. తెలుగు అచ్చునకు పురుడు పోసిన యూరే రోమానీ పుట్టుకను ఎఱుకపఱచిన యూరు నగుట మనకు ముచ్చటగొలుపు విషయము గదా!

ఆ మాటలను చదువరులు తామే పరీక్షింపవచ్చును. నీటిని పానీ యందురు. ముక్కు నాక్, చెవి కాన్, దినము దివేస్, మనిషి మనుష్. లెక్కించునపుడు యేఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పంజ్, షోవ్ అని ఆఱు వఱకు మన దేశపు సంఖ్యలే. తరువాత ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా యనునవి గ్రీకు మాటలు. పదియనగా మరల మన దేష్. గ్రీకు దేశమున వీరు చిరకాలము నివసించిరనుటకు ఈ మూడంకెలే సాక్ష్యము. బాటకు ద్రోమ్ అనుటయు గ్రీకే. గుఱ్ఱమునకు గ్రాస్త్ అనుట ఆర్మీనియా వారి యెరువు. బాటసారి దిగిన సత్రములెల్ల అతని మూటలో గుర్తులు విడిచినట్లు, ఈ జాతి నడచిన త్రోవ యంతయు ఈ భాషలో నిలిచియున్నది.

ఇక వ్యాకరణము మాట. సోదరుడు ఫ్రాల్, సోదరునికి ఫ్రలేస్కే, సోదరునితో ఫ్రలేసా, సోదరునినుండి ఫ్రలేస్తార్. విభక్తి ప్రత్యయములతో పెరిగిన మనకు ఇది క్రొత్తగా తోపదు. అంతేకాదు. మనకు తత్సమములకు, దేశ్యములకు వేర్వేఱు సూత్రములున్నట్లే, రోమానీలో పూర్వమునుండి వచ్చిన మాటలకొక తీరున, పరభాషలనుండి చేరిన మాటలకు వేఱొక తీరున రూపములేర్పడును. ఇట్టి భాషను దొంగల సంకేత భాషయని పూర్వులు కొందఱు వ్రాయుట వారి తెలియమికే గుఱుతు.

నేర్వగోరువానికి మొదటి చిక్కు మాండలికములు. పండితులు వీనిని ఉత్తర, మధ్య, వ్లాఖ్, బాల్కను అని నాలుగు కూటములుగా విభజింతురు. ఒకచోట దివేస్ అన్నది వేఱొకచోట ద్యేస్ అగును. బాలుడు కొందఱికి ఛావో, కొందఱికి షావో. ‘చేసితిని’ అనుటకు పెక్కుచోట్ల కెర్దోమ్ అందురు. వ్లాఖ్ వారు కెర్దెమ్ అందురు. ఇంగ్లాండు, స్పెయిను దేశములలోనైతే వ్యాకరణము జాఱిపోయి, రోమానీ పదములు మాత్రము ఆ దేశభాషల వాక్యములలో నిలిచినవి. శ్రీకాకుళము వారును చిత్తూరు వారును వేర్వేఱుగా పలికినను ఉభయులకు ఒకే పుస్తకభాష కలదు. రోమాలకట్టి ఉమ్మడి గ్రంథభాష స్థిరపడలేదు. 1990లో వార్సా నగర సమీపమున జరిగిన మహాసభ ఒక వర్ణక్రమమును అంగీకరించినను, అందఱును దానిని అనుసరించుట లేదు.

కాబట్టి ‘అసలు రోమానీ యేది?’ అని వెదకువాడు ఎన్నటికిని భాష నేర్వజాలడు. అట్టిది ఎక్కడను లేదు. ఒక యూరివారి పలుకును ఎన్నుకొని, దానిని చక్కగా నేర్చి, తక్కినవానిని దానినుండి తెలిసికొనుటయే మార్గమని నా అభిప్రాయము.

రెండవ చిక్కు ఇంతకంటె గొప్పది. అది వ్యాకరణములో లేదు, చరిత్రలో నున్నది. 1783లో స్పెయిను రాజగు మూడవ చార్లెస్ ఈ జనుల భాషను, వేషమును నిషేధించెను. మఱి నాజీల కాలమున ఎవా జస్టిన్ అను జర్మను స్త్రీ రోమానీ నేర్చి, ఆ భాషతోనే సింతీల నమ్మకమును చూఱగొని, వారి వంశవివరములను సేకరించెను. ఆమె పనిచేసిన కార్యాలయము సిద్ధపఱచిన పట్టికలు ఆ జనులను నిర్బంధ శిబిరములకు పంపుటకు ఉపకరించినవి. రెండు లక్షలకు తక్కువ కాకుండ, అయిదు లక్షల వఱకు రోమాలు, సింతీలు ఆ దినములలో హతులైరని చరిత్రకారుల అంచనా. నేటికిని సింతీలలో అనేకులు తమ భాషను పరులకు నేర్పుటకు సమ్మతింపరు. అది మూర్ఖత్వమని ఎవరనగలరు? భాషాజ్ఞానము దానంతట పుణ్యము కాదు. తలుపు తెఱచు తాళపుచెవి స్నేహితుని చేతను ఉండవచ్చును, దొంగ చేతను ఉండవచ్చును. కావున నేర్వగోరువాడు నిఘంటువు కంటె ముందుగా విశ్వాసమును సంపాదించుకొనవలెను. వారు నేర్పినంత నేర్చి, వలదన్నచోట ఆగుట అతని ధర్మము.

దూరదేశపు సంగతి మనకేల యని తోచవచ్చును. మన లంబాడీలే యూరపునకు పోయి రోమాలైరని కొందఱందురు. భాషాశాస్త్రము దానిని సమర్థింపదు. లంబాడీ భాషకు దగ్గఱి చుట్టము రాజస్థానీ. అయినను ఈ రెండు భాషలకు ఒక పోలిక కలదు: ఇరుగుపొరుగువారి చిన్నచూపు. తండానుండి వచ్చిన బాలుడు తన తల్లితో మాటాడుచుండగా తోడి విద్యార్థులు నవ్వుటయు, అతడు సిగ్గుపడి మఱునాటినుండి తల్లికి తెలుగున బదులు చెప్పుటయు నేను కన్నులార చూచితిని. ఆ నవ్వులో రాజశాసనము లేదు, శిక్ష లేదు. కాని ఫలము మాత్రము ఆ శాసనములు కోరినదే.

యునెస్కో వారు 2015లో నవంబరు 5వ తేదీని రోమానీ భాషా దినముగా ప్రకటించిరి. సంవత్సరమునకొక దినము మంచిదే. కాని మన ప్రక్క బల్లపై కూర్చుండు తోడివానిని, ‘మీ యింట నీటిని ఏమందురు?’ అని ఆదరముతో అడుగుటకు ఏ దినమైనను తగినదే. విద్యార్థులారా, నేడే అడిగి చూడుడు.