ప్రచారకులు పోవలసిన చోటు

1952 సాధారణ ఎన్నికలలో అనంతపురమున తరిమెల నాగిరెడ్డిగారు కారాగారమునుండియే పోటీచేసి, నీలం సంజీవరెడ్డిగారిపై విజయము పొందిరి. అభ్యర్థి నాలుగు గోడలనడుమ నుండగా ఊరూర దిరిగి జనులతో మాటలాడినవారు కార్యకర్తలే. ఆ పక్షము మనకు సమ్మతమా, కాదా యను చర్చ యిచ్చట నప్రస్తుతము. నాడు అభ్యర్థి లేడు, వోటరు కలడు. నేడీ వరుస తలక్రిందైనది. అభ్యర్థి ఊరనే యున్నాడు, వోటరు లేడు.

మన సీమలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దానిని నమ్ముకొని జూన్, జూలై మాసములలో వేరుసెనగ విత్తుదురు. అంతకు ముందటి ఎండకాలమున చేనిలో పనియుండదు. కదిరి, హిందూపురము ప్రాంతముల కూలీలు కుటుంబములతోగూడ బెంగుళూరు కట్టడపు పనులకు బోవుదురు. 2024లో పోలింగు సరిగా ఆ కాలముననే, మే 13న, జరిగినది. అప్పుడు బెంగుళూరు, హైదరాబాదులనుండియేగాక విదేశములనుండియు చదువుకొన్న యువకులు సెలవులు పెట్టుకొని ప్రచారమునకు మన పల్లెలకు వచ్చిరి. వారి ఉత్సాహమును మేము తక్కువచేయము. కాని తాళము వేసిన తలుపునకు కరపత్రము అంటించి ప్రయోజనమేమి? ముసలివారికి తప్ప ఎవరికి వినిపించుటకీ ఉపన్యాసములు? (వాలంటీరు అను మాటకు 2019లో ఈ రాష్ట్రమున గౌరవవేతనముతోగూడిన మరియొక యర్థము వచ్చినది. మేము చెప్పునది పాత యర్థమునే.)

ఊరు విడిచిపోయిన కూలీని పోలింగునాటికి తెచ్చునదెవరు? చాలచోట్ల పార్టీ కుదిర్చిన బస్సు. టిక్కెట్టులేక ఎక్కినవాడు దిగునప్పటికి ఋణస్థుడు. ఆ ఋణము దేనితో తీరునో పాఠకులకు చెప్పనక్కరలేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను వోటర్లను పోలింగు కేంద్రమునకు ఉచితముగా చేర్చుటకు అభ్యర్థి వాహనము కుదుర్చుటను అవినీతిచర్యగా నెంచుచున్నది. బెంగుళూరినుండి ఊరివరకు ఒక ప్రయాణమనియు, ఊరినుండి బూత్‌వరకు వేరొక ప్రయాణమనియు విడదీసి వాదించువారు లేకపోలేదు. మేమును ఆ వృత్తిలోనివారమే గనుక ఆ వాదన బలమెంతయో యెఱుగుదుము. వోటర్లు తమలో తాము చందా వేసికొని బండి కుదుర్చుకొన్నచో దోషము లేదని ఆ సెక్షనే చెప్పుచున్నది. అయితే ఆ బండి యంత్రబలముతో నడువనిదై యుండవలెనట! బెంగుళూరినుండి కదిరికి ఎద్దులబండి!

ఇక 135-బి సెక్షను కలదు. 1996లో చేరిన యీ నిబంధన ప్రకారము పోలింగునాడు ప్రతి పనివానికిని సెలవీయవలెను, కూలి కోయరాదు. దినకూలికిని ఇది వర్తించును. నియోజకవర్గమునకు వెలుపల పనిచేయువానికిని వర్తించునని ఎన్నికల సంఘము స్పష్టపరచియున్నది. అనగా కర్ణాటకమున ఆనాడు పోలింగు లేకున్నను, అచ్చటి మేస్త్రీ మన కూలీకి సెలవును కూలియు ఈయవలసినదే. ఈ సంగతి ఇటుకలు మోయువానికెవరు చెప్పిరి? దూరమున నుండియే వోటువేయు యంత్రమొకటి చేసితిమని ఎన్నికల సంఘము 2022 డిసెంబరులో ప్రకటించెను. 2024 ఎన్నికలలో అది వాడుకకు రాలేదు.

1930లో ఉప్పు చట్టమును ధిక్కరింప దలచినవారు తిరుచిరాపల్లినుండి వేదారణ్యమునకు నడచిరి. ఉప్పున్నచోటికి పోయిరేగాని సముద్రము తమయొద్దకు వచ్చునని కూర్చుండలేదు. మన పఠనమందిరముల యువకులును అటులే ధర్మవరములో రైలెక్కి, హిందూపురము దాటి, బెంగుళూరు కట్టడముల వద్దకు పోవలెను. జెండా వలదు. వోటర్లజాబితా ప్రతియు, 135-బి తెలుగు అనువాదమును చేతనుండిన చాలును. జాబితాలో పేరున్నదా, కొట్టివేయబడినదా చూచి చెప్పవలెను. తన డబ్బుతో టిక్కెట్టు కొని రైలెక్కుటకు వెసులుబాటు లేనివానికి ముందుగా కూలి ఇప్పించుటకు మేస్త్రీతో మాటలాడవలెను. ఎవరికి వోటు వేయుదువని మాత్రము అడుగవలదు.

శాసనసభ గడువు 2029 వరకు కలదుగదా, తొందరయేమని కొందఱనవచ్చును. కూలీ ఏటేట పని మార్చుచుండును, మేస్త్రీ మారుచుండును. వారి బసలు కనుగొనుటకే ఒక వేసవి పట్టును.