ప్రకటనల మీద కాపలా ఎవరిది?

టీవీలో వచ్చే వ్యాపార ప్రకటన అబద్ధం చెప్పినా, ఆడవాళ్లను కించపరిచినా అడగాల్సింది ప్రభుత్వమే అని మనం అనుకుంటాం. కానీ ఆ పనిలో పెద్ద భాగాన్ని ప్రభుత్వం పరిశ్రమకే వదిలేసింది. ప్రకటనదారులు, ఏజెన్సీలు, ప్రసార సాధనాలు కలిసి 1985లో ముంబైలో ఏర్పరచుకున్న సంస్థ అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, పొట్టిగా ‘ఆస్కి’. ఆ సంస్థ రాసుకున్న నియమావళిని ఉల్లంఘించే ప్రకటన కేబుల్‌లో రాకూడదని 2006లో కేబుల్ టీవీ నిబంధనల్లో చేర్చారు. 2021 సవరణతో, ప్రకటనల మీద ఫిర్యాదులు విని 60 రోజుల్లో తేల్చే పనినీ ఆస్కికే అప్పగించారు.

ఇందులో మంచి లేకపోలేదు. వకీలు అక్కర్లేకుండా, కోర్టు ఫీజు లేకుండా ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. పరువుకు భయపడే పెద్ద కంపెనీలు మాట వింటాయి కూడా. కానీ ఆ పరిశ్రమ తనంతట తాను ఎంత త్వరగా కళ్లు తెరిచింది? నల్లపిల్ల క్రీము రాసుకుంటేనే ఉద్యోగం వస్తుందనీ, తండ్రి కళ్లకు ఆనుతుందనీ చెప్పిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ ప్రకటనల మీద ఐద్వా మొదట కంపెనీకే రాసింది. తర్వాత జాతీయ మానవ హక్కుల కమిషన్‌ను ఆశ్రయించింది. చివరికి సమాచార ప్రసార శాఖ కదిలాక 2003లో ఆ ప్రకటనలు ఆగాయి. ఒంటి రంగును బట్టి మనిషిని తక్కువ చేయకూడదని ఆస్కి ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది 2014లో. అంటే స్త్రీలు పోరాడి సాధించిన పదకొండేళ్లకు!

రంగు సంగతి అలా ఉంచి ప్రాణం సంగతి చూద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కూల్చిందో ఉద్దానంలో పనిచేసే మనకు వేరే చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. డయాలసిస్‌కి తోడు వెళ్లేది, అందుకోసం జీడిపప్పు ఫ్యాక్టరీలో కూలి పోగొట్టుకునేది ఆ ఇంటి ఆడదే. “సూది లేదు, డయాలసిస్ లేదు, మా మందుతో నయం” అనే ప్రకటన స్థానిక కేబుల్‌లో కనిపిస్తే ఆమె నమ్మడం తెలివితక్కువతనం కాదు, నిస్సహాయత. అలాంటి మందు అమ్మేవాడు ఆస్కి సభ్యుడు కాడు. ముంబై నుంచి ఉత్తరం వస్తే భయపడడు. డయాలసిస్ మానేసిన మనిషికి 60 రోజుల గడువు ఉండదు.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి. మందు గురించి తప్పుడు హామీ ఇచ్చే ప్రకటనను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. వెలుతురు, శబ్దం, చివరికి పొగ ద్వారా చేసినా అది ప్రకటనే అంటుంది ఆ చట్టం. గర్భాశయ వ్యాధులు, స్త్రీల వంధ్యత్వం కూడా అందులోని జాబితాలో ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మోసపు ప్రకటన మీద ఫిర్యాదును నేరుగా జిల్లా కలెక్టరుకే ఇవ్వవచ్చు. 1995 కేబుల్ టీవీ చట్టం ప్రకారం నియమావళికి విరుద్ధమైన ప్రసారాన్ని ఆపమనే అధికారం కలెక్టరుకూ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకూ ఉంది. అంటే ఆ అధికారం ముంబైలో కాదు, శ్రీకాకుళంలో, టెక్కలిలో, పలాసలో ఉంది.

ఇంకో ముఖ్యమైన మాట. కేబుల్ ప్రసారాలను గమనించడానికి జిల్లా స్థాయి సంఘాలు వేయాలని కేంద్రం 2005లో రాష్ట్రాలకు చెప్పింది. 2008 ఉత్తర్వు ప్రకారం ఆ సంఘంలో ఒక మహిళా కళాశాల ప్రిన్సిపాల్‌తో పాటు స్త్రీల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి కూడా ఉండాలి. మనకోసం కాగితం మీద ఒక కుర్చీ ఉందన్నమాట. ఆ సంఘం మన జిల్లాలో ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఆ కుర్చీలో ఎవరున్నారు అని సమాచార హక్కు కింద మనం అడగాలి.

ఆస్కికి ఫిర్యాదు చేయవద్దని ఎవరూ అనడం లేదు. చేద్దాం. అయితే వ్యాపారి తనను తాను దిద్దుకుంటాడని చెప్పి ప్రభుత్వం తన బాధ్యత దించుకోవడాన్ని మాత్రం ఒప్పుకోవద్దు. అనుమానం కలిగించే ప్రకటన కనబడగానే తేదీ, సమయం, ఛానల్ పేరు రాసి పెట్టుకుందాం. వీలైతే ఫోనులో రికార్డు చేద్దాం. ఒక ప్రతి ఆస్కికి పంపి, రెండోది కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి రసీదు అడిగి తీసుకుందాం.