పేరు పెట్టుటయా, పరికించుటయా?

నిన్నటి అనంతపురము జిల్లాలోను, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరియున్న తనకల్లు కరవుసీమలోని ఊరు. వాన కురిసి వేరుశనగ పండిననాడు ఆ ప్రాంతపు బడులలో పిల్లలు నిండుగా నుందురు. వాన మొగము చాటువేసిననాడు ఎన్నో కుటుంబములు కూలిపనికై బెంగుళూరు త్రోవ పట్టును. పిల్లవాడు అవ్వతాతలకడ మిగులును. లేదా తల్లిదండ్రులవెంట వెడలి, కొన్ని నెలలకు తిరిగివచ్చి, తరగతిలో కడపటి వరుసలో కూర్చుండును. లెక్క అడిగినచో తల వంచుకొనును. అప్పుడతనికి ఒక పేరు లభించును: మొద్దు. ఆ మాటలో వాన లేదు, వలస లేదు, తప్పిపోయిన పాఠములు లేవు. అయినను పిల్లవానిని గూర్చి సమస్తమును చెప్పినట్లే అది తోచును. ఈ పేరు పెట్టు అలవాటును గూర్చి ఉపాధ్యాయులతోను విద్యార్థులతోను నాలుగు మాటలు ముచ్చటింపదలచినాము.

మనుష్యులను స్వభావమునుబట్టి వర్గీకరించుట నేడు పుట్టినది కాదు. మన ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధములుగా విభజించిరి. ఓరుగల్లులో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయము చదివినవారికి ఈ విభాగము సుపరిచితము. నాటకములో అది ఎంతయు ఉపయోగకరమే. తెర దిగువరకు పాత్ర తన స్వభావమును నిలుపుకొనవలెను గదా! కాని బడిపిల్లవాడు నాటకములోని పాత్ర కాడు. అతని కథ ఇంకను నాందిలోనే యున్నది.

మన పెద్దలు మనుష్యులను గూర్చి చెప్పినపుడు మరింత జాగరూకులై యుండిరి. ఆయుర్వేదము వాతపిత్తకఫములు మూడును ప్రతి దేహమునందును ఉన్నవనియే చెప్పినది, భేదము పాళ్ళలోనిది. భగవద్గీత పదునాలుగవ అధ్యాయము ఒకే మనుష్యునిలో సత్త్వరజస్తమస్సులు ఒకప్పుడొకటి తక్కిన రెండింటిని అణచి పైకి వచ్చునని బోధించుచున్నది. వారు పాళ్ళుగా చెప్పినదానిని మనము ముద్రలుగా మార్చుకొన్నాము. “వాడు తామసుడు” అని ఒక్కమాటతో తీర్పు చెప్పి చేతులు దులుపుకొనుచున్నాము.

పాశ్చాత్యదేశములలోను ఇదే కథ నడచినది. 1921లో యూంగ్ పండితుడు అంతర్ముఖులు, బహిర్ముఖులు అను విభాగమును విస్తరించి వ్రాసెను. దానిని ఆధారము చేసికొని అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్ అను తల్లీకూతుళ్ళు మనుష్యులను 16 రకములుగా విభజించు పరీక్షను రూపొందించిరి. నేడు చేతిఫోనులో పది నిమిషములలో తమ “రకము” తెలిసికొని మురియు విద్యార్థులు మన కళాశాలలలోను ఉన్నారు. ఐనను పరిశోధకులు చాలమంది వేరొక మార్గమును పట్టిరి. 1936లో ఆల్‌పోర్టు, ఆడ్‌బర్టు అనువారు మనుష్యస్వభావమును తెలుపు ఆంగ్లపదములను నిఘంటువునుండి సుమారు 18,000 ఏర్చి కూర్చిరి. అట్టి పదముల పరిశీలననుండియే క్రమముగా ఐదు ప్రధానగుణముల సిద్ధాంతము వెలసినది. నూతన విషయములందు ఆసక్తి, కర్తవ్యదీక్ష, కలుపుగోలుతనము, సౌమనస్యము, కలతపడు స్వభావము అనునవి ఆ ఐదు. ఇవి మనుష్యులను త్రోసి మూయు గదులు కావు, కొలబద్దలు. పొడుగువారు, పొట్టివారు అని రెండే గదులు కట్టినచో, నడుమనుండు అధికసంఖ్యాకులను ఎచ్చట నిలుపుదుము?

ఉపాధ్యాయులు మరువరాని పరిశోధనలు రెండు కలవు. హార్ట్‌షోర్న్, మే అను విద్వాంసులు వేలాది బడిపిల్లలను పరీక్షించి 1928లో తమ నిర్ణయములను ప్రకటించిరి. పరీక్షలో చూచివ్రాసిన బాలుడు ఆటలో నిజాయితీగా నుండవచ్చును; ఆటలో మోసగించినవాడు డబ్బు విషయమున నమ్మదగినవాడు కావచ్చును. “దొంగబుద్ధి” అను ఒక్క పేరు సందర్భభేదమును మ్రింగివేయునని దీనివలన తేలినది. 1968లో ప్రకటితమైన పరిశోధనలో రోసెంతాల్, జాకబ్సన్ అనువారు ఒక పాఠశాలలో కొందరు పిల్లలు ఆ యేడు విశేషముగా వికసింతురని ఉపాధ్యాయులకు చెప్పిరి. నిజమునకు ఆ పేర్లు చీట్లు తీసినట్లు ఏరినవి. ఏడాది గడచునప్పటికి చిన్న తరగతులలో ఆ పిల్లలే ముందంజ వేసిరి. ఆ ఫలితము ఎంతటిదన్న విషయమున తరువాత వాదములు చెలరేగినవి. అయినను గురువుగారి నమ్మకము శిష్యుని తాకకపోదన్న హెచ్చరిక మిగిలియే యున్నది.

ఇంత దూరము పోనేల? తనకల్లు ఒకప్పుడు చేరియుండిన కదిరి తాలూకాలోనే, కటారుపల్లెలో, వేమన సమాధి కలదు. జనశ్రుతి ఆయనను భోగి యన్నది, వెర్రివాడన్నది, యోగి యన్నది. యౌవనమునాటి పేరే స్థిరమై యుండినచో, ఆ మనుష్యుని మాట వినువారెవరు? 1829లో బ్రౌనుదొర ఆయన పద్యములను అచ్చు వేయించునాటికే అవి పామరుల నాలుకలపై నిలిచియున్నవి. జనులు పేరును కాక పలుకును పట్టుకొనిరి.

వర్గీకరణము లేనిదే జ్ఞానము లేదని కొందరనవచ్చును. యాబదిమంది పిల్లలున్న తరగతిలో ప్రతివానిని సూక్ష్మముగా పరికించుటకు వ్యవధి యేది? ఈ కష్టము మేమెరుగనిది కాదు. మేము కోరునది స్వల్పము. పేరును మనుష్యునికి కాక పనికి పెట్టుడు. దానికి వేళను, చోటును జోడింపుడు. “సోమరి” అని వ్రాయుటకు బదులు “వలసనుండి వచ్చినపిదప భాగహారములో తడబడుచున్నాడు, కథ చెప్పుమన్నచో ఉత్సాహపడును” అని వ్రాయుటకు ఒక నిమిషము అధికముగా పట్టును. మొదటి మాట చదివినవారికి చేయదగిన పనియేమియు లేదు. రెండవది చదివినవారు భాగహారమునుండి మొదలిడవచ్చును. ఆరునెలలకు ఆ వాక్యము అబద్ధమైపోవుటయే దాని సార్థకత.

విద్యార్థులకును ఒక మాట. తోటివానికి మీరు పెట్టిన పేరు వాని వెంట ముప్పదియేండ్లు నడువగలదు. మీకు మీరు పెట్టుకొన్న పేరు అంతకంటె గట్టిగా అంటుకొనును. “నేను పిరికివాడను” అనుకొనుటకు ముందు, ఎవరియెదుట, ఏ విషయమున, ఎప్పుడు అని మూడు ప్రశ్నలు వేసికొనుడు.

కరవుసీమ రైతు తన నేల ఎర్రనేల యని ఎరుగును. దానికి పేరును పెట్టియున్నాడు. కాని విత్తనము చల్లుటకు ముందు వంగి, పిడికెడు మన్ను చేతికెత్తికొని, పదునున్నదో లేదో చూచును. తరగతిగదిలోను ఆ వంగి చూచుట అలవడవలెనని మా కోరిక.