అంటార్కిటికా మంచుకీ మన నరసాపురం గట్టుకీ లింకు ఉంది

మొన్న మాధవాయిపాలెం రేవులో పంటు కోసం నిలబడి ఫోన్లో అంటార్కిటికా వీడియో చూస్తున్నా. పక్కనున్న కుర్రోడు తొంగి చూసి, "మనకెందుకన్నా ఆ పెంగ్విన్ల గోల?" అన్నాడు. ఇంతలో పంటు వచ్చేసింది, జవాబు చెప్పలేకపోయా. ఇప్పుడు చెప్తా.

అంటార్కిటికా అంటే మన దేశానికి నాలుగు రెట్లు పైనే. దాని మీద మంచు సగటున రెండు కిలోమీటర్ల మందం. సొంత జనం లేరు, పరిశోధనకి వెళ్ళినోళ్ళే ఉంటారు. మనోళ్ళూ ఉన్నారండోయ్. ఖాసిం గారి నాయకత్వంలో 21 మంది 1981 డిసెంబరులో గోవాలో ఓడెక్కి, 1982 జనవరి 9న అక్కడ దిగారు. తర్వాత మంచు మీద కట్టిన 'దక్షిణ గంగోత్రి' ఆ మంచులోనే కూరుకుపోయింది. అందుకే 1989లో 'మైత్రి'ని రాతి నేల మీద కట్టారు. 2012లో 'భారతి' వచ్చింది.

ఇక మన సంగతి. గ్లాసు నీళ్ళలో తేలే ఐసుముక్క కరిగితే నీటిమట్టం పెరగదు. బయటనుంచి కొత్త ముక్క వేస్తే పెరుగుద్ది. నేలమీది మంచు సముద్రంలోకి జారడం అలాంటిదే. అక్కడ థ్వెయిట్స్ అనే మంచునది ఉంది. వెచ్చటి సముద్రపు నీరు దాని అడుగుకి చేరి కరిగిస్తోంది. అదొక్కటీ మొత్తం పోతే ప్రపంచ సముద్రమట్టం సుమారు 65 సెంటీమీటర్లు పెరుగుద్ది. రేపే కాదు, వందల ఏళ్ళు పట్టొచ్చు. కానీ 1993 నుంచి ఇప్పటికే దాదాపు 10 సెంటీమీటర్లు పెరిగింది. వేడెక్కిన సముద్రం ఉబ్బడం, కొండల మీది మంచు, గ్రీన్‌లాండ్ మంచు, అంటార్కిటికా మంచు, అన్నీ కలిసిన లెక్క ఇది.

ఇంకో తిరకాసు ఉంది. అంత పెద్ద మంచు తన బరువుతో చుట్టూ ఉన్న నీటిని తనవైపు లాక్కుంటుంది. అది కరిగితే ఆ పట్టు వదులై, అక్కడ నీరు తగ్గి దూరంగా ఉన్నచోట ఎక్కువ పెరుగుద్ది. ఆ దూరంగా ఉన్నోళ్ళలో మనమూ ఉన్నాం.

అలాగని పెదమైనవానిలంక దగ్గర తీరం కోసుకుపోతోందంటే తప్పంతా మంచు మీదకి తోసెయ్యకూడదు. గోదారి తేవాల్సిన ఒండ్రు పైన ఆనకట్టల దగ్గరే ఆగిపోతోంది. డెల్టా నేల కూడా కుంగుతోంది. ఒకపక్క నేల దిగుతోంది, ఇంకోపక్క నీరు ఎక్కుతోంది. దీనికి తుపాను తోడైతే ఉప్పెన ఇంకా లోపలికి వస్తది, చేలో ఉప్పు మిగులుద్ది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి ఎవరైనా వచ్చి "సముద్రానికి గట్టు కడతాం, రాళ్ళు పోస్తాం" అంటే చప్పట్లు కొట్టే ముందు ఒక్క మాట అడగండి: "గట్టు ఎత్తు ఏ లెక్కన వేశారండీ? ఇవాళ్టి సముద్రానికా, యాభై ఏళ్ళ తర్వాతి సముద్రానికా?"

ఆ రెండో లెక్క వెయ్యాలంటే అక్కడ మంచు ఎంత వేగంగా జారుతోందో తెలియాలి. అందుకే ఆ పెంగ్విన్ల గోల మనకి కావాలి.

ఆ కుర్రోడు ఇది చదివితే, అదీ నా జవాబు.