డాన్ నోట అమ్మ గొంతు

న్యూయార్క్‌లో హెల్స్ కిచెన్ అని ఒక పేట ఉంది. నేపుల్స్ వైపు పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఒక ఇటాలియన్ కుటుంబంలో 1920లో అక్కడ మారియో పూజో పుట్టాడు. తండ్రి రైలు పట్టాల మీద కూలీ. కొన్నాళ్ళకు ఆయన మతి చలించి ఆసుపత్రి పాలైతే సంసారమంతా తల్లి నెత్తిన పడింది. కొడుకు రైల్వేలో గుమస్తా అయితే అంతకు మించిన అదృష్టం ఉండదని ఆమె అనుకునేది. కొడుకు రచయిత అయ్యాడు. రెండు నవలలు రాశాడు. రెండోది, 1965 నాటి ‘ది ఫార్చునేట్ పిల్‌గ్రిమ్’, తన తల్లిలాంటి ఒక వలస తల్లి కథ. విమర్శకులు మెచ్చుకున్నారు. రెండు పుస్తకాలకూ కలిపి అతని చేతికి వచ్చింది 6,500 డాలర్లు. నలభై అయిదేళ్ళ వయసు, అయిదుగురు పిల్లలు, 20 వేల డాలర్ల అప్పు. చుట్టాలకు బాకీ, వడ్డీ వ్యాపారులకు బాకీ, పందేలవాళ్ళకు బాకీ. ఇక డబ్బు కోసమే రాస్తానని కూర్చుని రాసిన నవల 1969లో వచ్చిన ‘ది గాడ్‌ఫాదర్’.

అది రాసేనాటికి నిజమైన ముఠా మనిషిని ఒక్కణ్ణి కూడా కలవలేదని, అంతా చదివి తెలుసుకున్నదేనని పూజో తర్వాత రాసుకున్నాడు. మరి డాన్ కార్లియోన్ మాటలోని ఆ నిదానం, ఆ తూకం, గొంతు పెంచకుండానే ఎదుటివాణ్ణి కట్టిపడేసే ఆ నేర్పు ఎక్కడివి? దానికీ ఆయనే జవాబిచ్చాడు. డాన్ నోరు విప్పినప్పుడల్లా ఆయన మనసులో వినిపించింది తల్లి గొంతేనట.

నేర కుటుంబాల కథలు మనకెందుకింత ఇష్టం అంటే తుపాకీ అంటారు, డబ్బంటారు, ఎవరికీ తలవంచని పొగరంటారు. నిజమే కావచ్చు. కానీ తుపాకీ కథలు వచ్చినన్ని పోయాయి. యాభై ఏళ్ళు దాటినా పోకుండా నిలిచినవి ఇంటి కథలు. వాటి గుట్టు పూజో చెప్పిన ఆ ఒక్క మాటలో ఉందని నా నమ్మకం. ఇల్లు గడపడానికి ఏమైనా చేసే మనిషి, పదిమంది పిల్లలకు ఒకే కంచంలో కలిపి ముద్దలు పెట్టే మనిషి, తన గడపలోపలి వాళ్ళకు ఒక ధర్మం, బయటివాళ్ళకు ఇంకో ధర్మం పాటించే మనిషి మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ మనిషి చేతికి పిస్తోలు ఇస్తే ఎలా ఉంటుందో పూజో రాశాడు. పాఠకుడు భయపడాల్సింది పోయి ఆ ఒడిలో తలపెట్టుకున్నాడు.

నవలను 1972లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా సినిమాగా తీశాడు. అందులో మాఫియా అనే మాట వినపడదు. ఆ మాట ఇటాలియన్లందరినీ అవమానిస్తోందని ఒక సంఘం పట్టుబట్టి తీసేయించింది. ఆ సంఘాన్ని నడిపిన జోసెఫ్ కొలంబో స్వయంగా న్యూయార్క్‌లోని అయిదు మాఫియా ముఠాల్లో ఒకదానికి పెద్ద. మాఫియా పేరు ఎత్తకుండా మాఫియా కథ చెప్పాలి కాబట్టి సినిమా అంతటా ‘కుటుంబం’ అన్న మాటే మోగింది. నేరానికి ఇంతకంటే మంచి ముసుగు ఎవరూ కుట్టి ఇవ్వలేరు. కొప్పోలా తన కుటుంబాన్నే తెచ్చి అందులో పెట్టాడు. చెల్లెలు టాలియా షైర్ డాన్ కూతురైంది, పసికందైన కూతురు సోఫియా బాప్టిజం సన్నివేశంలో బిడ్డ అయింది. పెళ్ళి పందిరి, వంటగదిలో టమాటా పులుసు మరుగుతున్న గిన్నె, పిల్లల గోల. ఆ ఇంట్లోకి మనం అతిథులుగా వెళ్ళి కూర్చున్నాక, పక్క గదిలో ఎవణ్ణి చంపాలో మాట్లాడుకుంటుంటే లేచి రావడం ఎలా?

ఆ పెళ్ళిరోజునే బొనాసెరా అనే అంత్యక్రియల వ్యాపారి వస్తాడు. కూతుర్ని చావగొట్టిన కుర్రాళ్ళను కోర్టు వదిలేసింది. నమ్ముకున్న దేశం న్యాయం చేయలేదు గనుక డాన్ చేయాలి. ఈ సన్నివేశం మన తెలుగువాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. కోర్టులో ఏళ్ళు పట్టే స్థలం తగాదా పెద్దాయన దగ్గర ఒక్క పూటలో సెటిల్‌మెంట్ అవుతుందని వినని ఊరు మనకు లేదు. ఆ పూట తీరిన తగాదాకు బాకీ ఎప్పుడు ఎలా కట్టాల్సి వస్తుందో కూడా ఆ ఊళ్ళకు తెలుసు. బొనాసెరా కట్టిన బాకీ చిన్నది: తూటాలతో చీలికలైన డాన్ పెద్దకొడుకు శవాన్ని తల్లి చూడగలిగేలా సరిచేయడం. సినిమాలో మనిషి ఏడవడం చూశాం గానీ, అక్కడ కూడా ఆ పెద్దాయన కోరింది తల్లి కళ్ళ కోసమేనని చాలామంది గుర్తుపెట్టుకోరు.

అసలు కథ మైఖేల్‌ది. యుద్ధం నుంచి పతకాలతో వచ్చిన చిన్నకొడుకు. అది మా ఇంటివాళ్ళ సంగతి, నాది కాదు అని తాను ప్రేమించిన పిల్లకు మొదట్లోనే చెప్పుకుంటాడు. చివరికి తండ్రి కుర్చీలో కూర్చుంటాడు. మనలో ఎవరం హంతకుల పిల్లలం కాము. కానీ నాన్నలా ఉండకూడదని పదహారేళ్ళప్పుడు ఒట్టు పెట్టుకుని, నలభయ్యో ఏట అద్దంలో నాన్న మొహమే చూసుకున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం. పొలం వస్తుంది, అప్పు వస్తుంది, కోపం వస్తుంది, కులం వస్తుంది. వద్దన్నా వస్తాయి. మైఖేల్ కథలో మనం చూసేది ఆ వద్దనలేకపోవడాన్ని.

వారసత్వం కొడుక్కే కాదు, కోడలికీ వస్తుంది. సినిమా చివర మైఖేల్ భార్య మొహం మీద తలుపు మూసుకుంటుంది. నవల చివర ఇంకొకటుంది. భర్త ఆత్మ కోసం ఆమె రోజూ చర్చికి వెళ్ళి ప్రార్థన చేస్తుంది, అత్తగారు తన భర్త కోసం చేసినట్టే. తెర మీది తలుపు కన్నా నన్ను ఎక్కువ కలచివేసింది ఈ ప్రార్థన. మగవాళ్ళు కుర్చీని అప్పగించుకుంటే, ఆడవాళ్ళు మౌనాన్ని అప్పగించుకున్నారు.

ముప్పై ఏళ్ళ తర్వాత అమెరికా టీవీలో ‘ది సొప్రానోస్’ (1999-2007) వచ్చింది. ముఠా నాయకుడు టోనీ మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్తాడు. అతని అసలు బాధ పోలీసులు కాదు, తల్లి లివియా. ఆ పాత్రను డేవిడ్ చేజ్ తన సొంత తల్లి నుంచే తీసుకున్నాడు. పూజో తల్లి డాన్‌కు గొంతిస్తే, చేజ్ తల్లి డాన్‌కు జబ్బిచ్చింది.

మన దగ్గరికి వద్దాం. ఈ రుచి మనకు హాలీవుడ్ నేర్పింది కాదు. పల్నాటి కథలో బాలచంద్రుడికి యుద్ధం సంగతి తెలియనివ్వకుండా తల్లి ఐతాంబ దాచిపెడుతుంది. బొంగరాలాటలో ఒక స్త్రీ కాలికి గాయమై, ఆమె ఎత్తిపొడిస్తే గానీ కుర్రవాడికి తండ్రి యుద్ధం గురించి తెలియదు. తెలిశాక ఆగడు. ఇప్పటికీ ఏటా కారెంపూడిలో ఆ వీరులకు ఉత్సవం జరుగుతుంది. బిడ్డకు ఆ కబురు చేరకూడదని తల్లి పడ్డ తపన మీద ప్రత్యేకంగా ఉత్సవమేదీ లేదు.

సినిమాల్లో 1987 నాటి మణిరత్నం ‘నాయకుడు’ గాడ్‌ఫాదర్‌కు రుణపడ్డదే అయినా ఒక పని కొత్తగా చేసింది. కూతురి చేత తండ్రిని నిలదీయించింది, ఇల్లు వదిలి వెళ్ళనిచ్చింది. 1993లో రాంగోపాల్ వర్మ ‘గాయం’ మైఖేల్ దారినే పోయింది. ఆ తర్వాత 1999లో ‘సమరసింహారెడ్డి’. అక్కడి నుంచి కొన్నేళ్ళు తెలుగు తెర మీద రాయలసీమ అంటే సుమోలు, బాంబులు, తొడగొట్టడం, తండ్రి పగ కొడుకు తీర్చుకోవడం. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ కథల్లో ఉన్న కరువు సీమ, వలస సీమ ఆ తెర మీదికి రాలేదు. ఒక ప్రాంతం మొత్తానికి ఒక్క ముఖమే అంటగట్టడం అన్యాయమని సీమ రచయితలు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. వాళ్ళ మాట న్యాయమైనది.

ఆ హోరుకు ఒక్క ఏడాది ముందు, 1998లో, కృష్ణవంశీ ‘అంతఃపురం’ తీశాడు. పరాయి దేశం నుంచి భర్త వెంట అత్తవారింటికి వచ్చిన సౌందర్య, భర్త పగలకు బలైపోయాక, మనవణ్ణి తన వారసుడిగా అట్టిపెట్టుకోవాలనుకునే మామ చేతుల్లోంచి బిడ్డను తీసుకుని పరుగెత్తుతుంది. తెలుగులో నేర వారసత్వం గురించి ఇంత సూటిగా మాట్లాడిన సినిమా మరొకటి నాకు కనిపించలేదు. 2018 నాటి ‘అరవింద సమేత’లో కత్తి దించమని మనవడికి చెప్పింది ఒక ముసలామె కావడమూ మంచి మలుపే. కానీ జనం నోళ్ళలో నానింది తొడగొట్టిన సినిమాలే.

పూజో తన డాన్‌కు ఇంటిపేరుగా పెట్టుకున్న కార్లియోన్ సిసిలీలో నిజంగా ఉన్న ఊరు. అక్కడి మాఫియా పెద్ద సాల్వతోరే రీనా పాలెర్మోలో పట్టుబడింది 1993లో. అతని తర్వాతివాడు బెర్నార్దో ప్రొవెంజానో నలభై ఏళ్ళకు పైగా పరారీలో ఉండి, 2006లో ఆ ఊరి పక్కనే ఒక రైతు పాకలో దొరికాడు. వాళ్ళ కాలంలోనే 1992 మే 23న జడ్జి జొవాన్నీ ఫల్కోనే ప్రయాణిస్తున్న రోడ్డును పేల్చి, ఆయన్ని, భార్యను, ముగ్గురు అంగరక్షకులను చంపారు. రెండు నెలలు తిరక్కుండా జులై 19న ఆయన సహచరుడు పావోలో బొర్సెల్లీనోను, అయిదుగురు అంగరక్షకులతో సహా, తల్లిని చూడ్డానికి వెళ్ళి ఆమె గుమ్మం ముందు నిలబడినప్పుడు కారు బాంబుతో చంపారు.

ఆ బొర్సెల్లీనోను నాన్నలా నమ్ముకున్న పిల్ల రీటా ఆత్రియా. పార్తన్నా అనే ఊరు. తండ్రి మాఫియా మనిషి. ఆమెకు పదకొండేళ్ళప్పుడు తండ్రిని చంపారు. 1991లో అన్నను చంపారు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం ఆమె నల్లబట్టలు కట్టుకుని నోరు మూసుకోవాలి. వదిన పియేరా ఐయెల్లో, ఆ వెనకే రీటా, అధికారుల దగ్గరికి వెళ్ళి తెలిసిందంతా చెప్పేశారు. వాళ్ళను రోమ్‌లో మారుపేర్లతో దాచారు. బొర్సెల్లీనో పోయిన వారానికి, జులై 26న, రీటా ఏడో అంతస్తు నుంచి దూకేసింది. పదిహేడేళ్ళు. తల్లి అంతకుముందే కూతుర్ని వెలివేసింది. తర్వాత ఒకరోజు శ్మశానానికి వెళ్ళి, సమాధి మీది కూతురి ఫొటోను సుత్తితో పగలగొట్టింది. వదిన మాత్రం బతికి నిలిచింది. 2018లో మొహం కప్పుకుని ఎన్నికల ప్రచారం చేసి ఇటలీ పార్లమెంటుకు ఎన్నికైంది.

ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాన్ నోట వినిపించింది అమ్మ గొంతేనని పూజో చెప్పినప్పుడు అది ఎంత తియ్యగా ఉంది! అదే గొంతు నిజం ఇంట్లో సుత్తి పట్టుకుంటే ఇలా ఉంటుంది. కుటుంబం అన్న మాటకున్న ఈ రెండో ముఖాన్ని మన కథలు చూపించడం లేదు. నేరం చేసినవాడి కథ రాస్తున్నాం, పగ తీర్చుకున్నవాడి కథ రాస్తున్నాం. నాకీ ఆస్తి వద్దు అన్నవాళ్ళ కథ రాయడం లేదు. వద్దనడంలో ఉత్కంఠ ఉండదని ఒక భయం ఉన్నట్టుంది. రీటా జీవితంలో ఉన్నంత ఉత్కంఠ ఏ తొడగొట్టే సన్నివేశంలో ఉంది? మా పత్రికకు కథలు పంపే మిత్రులను నేను మనసారా అడుగుతున్నది ఇదే. ఆ ఇంటి కోడలిని రాయండి. అన్న శవం దగ్గర కూర్చుని, చంపింది ఎవరో తెలిసీ, పగ కాకుండా ఇంకేదో కోరుకున్న చెల్లెల్ని రాయండి. కొడుకు చేతికి కత్తి అందకుండా దాచిన ఐతాంబను మళ్ళీ రాయండి.

అలాంటి ఇంకొక తల్లి ఉంది. పాలెర్మో దగ్గర చీనిసి అనే ఊరు. ఫెలీచియా భర్త లుయీజీకి మాఫియాతో సంబంధం, ఆడపడుచు భర్త ఆ ఊరి మాఫియా పెద్ద. 1963లో ఆ పెద్దను కారు బాంబుతో చంపినప్పుడు ఆమె కొడుకు పెప్పీనోకు పదిహేనేళ్ళు. ఆ పిల్లవాడు అప్పుడే దారి మార్చుకున్నాడు. తండ్రి ఇంట్లోంచి గెంటేశాడు. 1977లో రేడియో పెట్టి, ఊరి కొత్త పెద్ద గయెతానో బదలమెంతిని రోజూ అందరూ వినేలా ఎగతాళి చేశాడు. వాళ్ళ ఇంటికీ బదలమెంతి ఇంటికీ మధ్య వంద అంగల దూరమని చెబుతారు. ఆ దూరమే పేరుగా 2000లో ఒక సినిమా కూడా వచ్చింది. 1978 మే 9 తెల్లవారేలోపు పెప్పీనోను చంపి, రైలు పట్టాల మీద పెట్టి పేల్చారు. బాంబు పెట్టబోయి తానే పోయాడన్నారు పోలీసులు. కొద్దిరోజులకు జరిగిన స్థానిక ఎన్నికల్లో చీనిసి జనం చనిపోయిన పెప్పీనోకే ఓటేసి గెలిపించారు.

సినిమా అయితే ఇక్కడ తమ్ముడు తుపాకీ తీయాలి. ఫెలీచియా తీయనివ్వలేదు. పగ వద్దంది, భర్త వైపు బంధువులతో తెగతెంపులు చేసుకుంది, చిన్నకొడుకుతో కలిసి కోర్టుకెక్కింది. ఇరవై నాలుగేళ్ళు పట్టింది. అమెరికా జైల్లో ఉన్న బదలమెంతి వీడియో తెర మీద కనిపిస్తే, ఎనభై దాటిన ఆ ముసలామె కోర్టు హాల్లో వేలెత్తి చూపింది. 2002లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. 2004లో ఆమె పోయింది.

కొడుకు పోయినప్పటి నుంచి ఎవరొచ్చినా ఆమె తన ఇంటి తలుపు తీసే ఉంచేది. బడి పిల్లలు వచ్చి కూర్చుంటే కొడుకు గురించి చెప్పేది. ఇప్పుడా ఇల్లు అందరూ చూడదగ్గ స్మారక గృహం. వంద అంగల దూరంలోని బదలమెంతి ఇంటిని ప్రభుత్వం జప్తు చేసి, 2010లో పెప్పీనో పేరిట పనిచేస్తున్న వాళ్ళకే అప్పగించింది. ఆ తలుపు కూడా తెరిచే ఉంది.