శాస్త్రం కనబడని శాస్త్రవేత్తల వార్తలు

2025 జూన్ 6న జమ్మూకాశ్మీరులో చీనాబ్ నదిపై రైలు వంతెన ప్రారంభమైన వెంటనే, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు జి. మాధవీలత గారి పేరు పత్రికలలో మారుమ్రోగింది. ప్రకాశం జిల్లాలో పుట్టి, కాకినాడలోను, వరంగల్లులోను చదివిన ఆమెను తెలుగువారు తమ బిడ్డగా చెప్పుకోవడం సహజమే. అయితే ఆ వార్తలు ఆమెను వంతెన వెనుకనున్న మహిళగా, అసాధ్యాన్ని సుసాధ్యం చేసిన శక్తిగా చిత్రించాయి. కొద్ది రోజులకే ఆమె స్వయంగా ఆ మాటలు నిరాధారమని, పనిచేసిన వేలాదిమందిలో తానొకరినని, తనను అనవసరంగా ప్రసిద్ధురాలిని చేయవద్దని కోరవలసి వచ్చింది. కొండవాలుల స్థిరీకరణకు, వాటిపై పునాదుల రూపకల్పనకు తోడ్పడటమే తన పని అని కూడ ఆమె వివరించారు. పొగడ్తల వెల్లువలో కొట్టుకుపోయినది సరిగ్గా ఆ పనియే. నదికి 359 మీటర్ల ఎత్తున సాగే వంతెనకు పగుళ్లబారిన శిలలపై పునాది ఎట్లు నిలిచినదో తెలిసికొనగోరిన విద్యార్థికి ఆ కథనాలలో దొరికినది స్వల్పం.

ఇది మన పత్రికలకే ప్రత్యేకమైన దోషం కాదు. పెనిసిలిన్, విటమిన్ బి12 అణునిర్మాణాలను తేల్చిన డొరొతీ హాడ్జ్‌కిన్‌కు 1964లో రసాయనశాస్త్ర నోబెల్ లభించినపుడు, ఒక బ్రిటిష్ దినపత్రిక ఆమెను శీర్షికలోనే గృహిణిగా పేర్కొన్నది.

విస్తరణ విభాగంలో ఈ లోపానికి మూల్యం చెల్లించేది రైతు. సాగర్ ఎడమ కాలువ క్రింద సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వరిపొలాలలో సుడిదోమ కనిపించినపుడు శాస్త్రవేత్త చెప్పే మాటలు కొన్నే: ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలి, నత్రజని మించరాదు, మడిలోని నీరు తీసి ఆరబెట్టాలి, మందు దుబ్బుల మొదళ్లకు తగలాలి. ఈ మాటలు పురుషుడు చెప్పినపుడు కొలతలతో సహా అచ్చుకావడం, మహిళ చెప్పినపుడు బురదలో దిగిన ఆమె ఛాయాచిత్రం, ఇల్లు, ఉద్యోగం ఎట్లు చక్కబెట్టుకొంటున్నారన్న రెండు వాక్యాలు మిగలడం జిల్లా పుటలలో నేను పలుమార్లు చూచితిని. కొలత అందని రైతు నేరుగా మందుల దుకాణానికి పోతాడు.

అట్టి కథనాలు ఆడపిల్లలకు స్ఫూర్తినిస్తాయి గదా అని కొందరంటారు. కాదనలేము, తమ కుమార్తెలు తనవలె కావాలని పలువురు తండ్రులు వ్రాసినట్లు మాధవీలత గారే తెలిపారు. కాని ఆమెవలె కావడమనగా ఏమి చదవాలో, ఏ పని చేయాలో ఆ బాలికకు తెలియవద్దా?

తప్పంతా విలేఖరులదే అనడం న్యాయం కాదు. మార్చి 8 వచ్చినపుడు మాత్రమే మహిళా శాస్త్రవేత్తల పేర్లు పంపేది మనమే. క్షేత్ర సందర్శన ప్రకటనలో పురుషునికి హోదా, శాస్త్రవిభాగం వ్రాసి, ఆమెను ‘మేడమ్’తో సరిపెట్టేది కూడ మన కార్యాలయాలే. ప్రకటన పంపేముందు ఆమె పేరుకు బదులు పురుషుని పేరు పెట్టి చదివి చూడవచ్చు; ఎబ్బెట్టుగా తోచిన వాక్యం తొలగించి, ఆ చోట కాలిబాట కొలత వ్రాయవచ్చు.